సీలు చెదరని ప్యాకెట్టు

ఆ వీధిలో అందరికీ ఆమె వదినే. నిజానికి ఆ పిలుపు మీద హక్కున్నది ఒక్క మరిదికే. అతను రెండు షాపుల అవతల నుంచి "వదినా, టీ వచ్చింది", "వదినా, కరెంటు మీకూ పోయిందా" అని రోజుకు పాతికసార్లు కేకేస్తుంటే, తాళాలు బాగుచేసేవాడి నుంచి జెరాక్సు షాపు అమ్మాయి దాకా అందరి నోటికీ అదే పట్టేసింది. ఆమెకంటే ఇరవై ఏళ్లు పెద్దవాడైన కళ్లజోళ్ల షాపు ముసలాయన కూడా వదినా అనే అంటాడు. ఆమె కాదనదు. కాదని ఇన్నేళ్ల తరవాత కొత్త పేరు ఎక్కడ వెతుక్కుంటుంది పాపం!

ఆమె భర్తకు మాత్రం వీధి వేరే పేరు పెట్టింది. ఒరిజినల్ గారు. ఆయన పాత కీ వాచీలు బాగుచేస్తాడు. ఎవరే వాచీ ఇచ్చినా ముందు వెనక మూత విప్పి, కంటికి భూతద్దం బిగించి, లోపలికి తొంగిచూసి, ఓ నిట్టూర్పు విడుస్తాడు. "ఎవడండీ ఈ ఘనకార్యం చేసింది? స్ప్రింగు కంపెనీది కాదు. ఈ చక్రం కంపెనీది కాదు. మరలేమో మూడు రకాలు. ఇది వాచీయా, అద్దె కొంపా? ఎవరు పడితే వాళ్లు దిగారు" అంటాడు. ఆ తరవాత, కంపెనీ విడిభాగం దొరికే దాకా ఆగమంటాడు. అది ఆరు నెలలు కావచ్చు, ఆరేళ్లు కావచ్చు. ఓపికున్నవాళ్లు ఆగుతారు. లేనివాళ్లు వాచీ జేబులో వేసుకొని రెండు షాపుల అవతలికి నడుస్తారు.

అక్కడ మరిది ఉంటాడు. "అన్నయ్య దగ్గర నుంచేనా? కూర్చోండి, మా దగ్గర నిట్టూర్పులుండవు" అని స్టూలు జరుపుతాడు. అతను అమ్మేవి కంపెనీవి కావు. ఆ కొలతకు, ఆ నంబరుకు ఇంకెవరో చేసినవి. వాటిని డూప్లికేట్ అంటే అతనికి ఒళ్లు మండుతుంది. "సరిపోయే సరుకు అనండి" అని సరిదిద్దుతాడు. అన్నదమ్ములిద్దరూ ఒకే తండ్రి బల్ల దగ్గర పని నేర్చుకున్నవాళ్లే, ఇద్దరి మధ్యా గొడవలేమీ లేవు, రోజూ ఒకే కెటిల్‌లోంచి టీ తాగుతారు. కాకపోతే అన్నయ్య తమ్ముడి షాపు గుమ్మం తొక్కడు. కప్పు పట్టుకొని బయటే నిలబడతాడు. లోపలికెళ్తే ఆ సరుకు గాలి సోకుతుందని కాబోలు.

విడిభాగాలు బిగించేది ఒరిజినల్ గారే గానీ, వాటిని వెతికి తెచ్చేది వదిన. మూతపడిన షాపుల చిరునామాలు, రిటైరైన మెకానిక్కుల కూతుళ్ల ఫోన్ నంబర్లు, పాత సొరుగులు గంపగుత్తగా కొనే వ్యాపారుల నాలుక మడతలు, అన్నీ ఆమెకు కంఠతా వచ్చు. "కంపెనీ సరుకేనమ్మా, అసలు వాడనే లేదు" అని ఎవరైనా ఫోటో పంపితే ఆమె వస్తువు జోలికి వెళ్లదు, ముందు ప్యాకెట్టు చూస్తుంది. కాగితం అంచులు పసుపెక్కాయా, నంబరు అచ్చులో పడిందా లేక చేత్తో గుద్దిన ముద్రా, జిగురు కాగితంలోకి ఇంకిందా లేక నిన్నగాక మొన్న రాసిందా. ఈమధ్య ప్యాకెట్లకు కూడా డూప్లికేట్లు వస్తున్నాయి మరి. వాటి విషయంలో ఆమె ముందు ఎవరి పప్పులూ ఉడకవు.

ఒరిజినల్ గారి షాపు రూలు ఒకటి ఇక్కడే చెప్పాలి. వాచీలో భాగాలు ఎంత చిన్నవంటే, ట్వీజరు కాస్త గట్టిగా నొక్కితే చాలు, టింగుమని ఎగిరి మాయమైపోతాయి. అలా ఏదైనా ఎగిరినప్పుడు ఆయన "కదలొద్దు!" అని అరుస్తాడు. షాపులో ఎవరున్నా సరే, ఎక్కడివాళ్లక్కడ ఆగిపోవాలి, కాలు లేపకూడదు. ఆయన మోకాళ్ల మీద నేలంతా పాకుతాడు. ఎగిరేది ఎప్పుడూ ఆయన చేతిలోంచే. వదిన కుర్చీలో కాళ్లు పైకి ముడుచుకొని కూర్చొని పైనుంచి వ్యాఖ్యానం వినిపిస్తుంది. "ఇంకాస్త ఎడమకి. అది కాదు, అది మీరు కిందటి నెల పోగొట్టినది. తల జాగ్రత్త, బల్ల కూడా ఒరిజినలే." ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో తన చేతిలోంచి ఒక్క మర కూడా జారలేదని ఆమెకు మహా గొప్ప. నెలకోసారైనా ఆ మాట ఆయన చెవిన వెయ్యకపోతే ఆమెకు పొద్దుపోదు.

ఇక అసలు వాచీ దగ్గరికొద్దాం. ఎప్పుడో మూతపడిన కంపెనీది అది. ఒకసారి ఎవరిదో తుక్కు డబ్బా తిరగేస్తుంటే దాని ఖాళీ కేసూ డయలూ ఆయన కంటపడ్డాయి. లోపలి మిషను మొత్తాన్ని అదే కంపెనీ, అదే నంబరు విడిభాగాలతో ఒక్కొక్కటిగా పేర్చాలని ఆయన పట్టుపట్టాడు. అమ్మడానికి కాదు, ఎవరికీ ఇవ్వడానికీ కాదు. "ప్రపంచంలో ఒక్క వాచీ అయినా పూర్తిగా తనలా తాను ఉండాలి కదే" అన్నాడు. ఆ మాట అన్నాక పదకొండేళ్లు పట్టింది. చివరికి ఒకే ఒక్క ముక్క మిగిలిపోయింది. బ్యాలెన్స్ చక్రం తిరిగే ఇరుసు. బియ్యపు గింజలో సగం ఉంటుంది, రెండు చివరలూ వెంట్రుకంత సన్నం. అది లేనిదే వాచీ కొట్టుకోదు. దాని కోసం వదిన మూడేళ్లు ఉత్తరాలు రాసింది, ఫోన్లు చేసింది. ఎక్కడో దూరాన చనిపోయిన మెకానిక్ ఇంట్లో ఒకటుందని తెలిసి, ఆ మెకానిక్ భార్యతో మోకాళ్ల నొప్పుల దగ్గర నుంచి కోడళ్ల తీరు దాకా నాలుగు నెలలు కబుర్లాడి, మొత్తానికి తెప్పించింది.

పార్సిలు వచ్చిన పూట ఆయన షాపులో లేడు, కళ్లు చూపించుకోవడానికి వెళ్లాడు. అదే ఆమె కొంప ముంచింది. ప్యాకెట్టు నూటికి నూరుపాళ్లు అసలుదే, సీలు చెదరలేదు. "నేను లేకుండా ఎవ్వరూ విప్పొద్దు, ఆ కాగితం చప్పుడు నేనే వినాలి" అని ఆయన ముందే చెప్పిపెట్టాడు. కానీ లోపల ఇరుసు తుప్పు పట్టి ఉంటే? చివర విరిగి ఉంటే? ఇన్నేళ్లు ఎదురుచూసిన మనిషి మొహం అప్పటికప్పుడు వాడిపోతుంటే ఎలా చూడడం? ముందే ఒక్కసారి చూసిపెడదామనుకుంది. కెటిల్ ఆవిరికి జిగురు మెత్తబరిచి, మడత విప్పి, ట్వీజరుతో ఇరుసును వెలుతురులోకి ఎత్తింది. రెండు చివరలూ నిక్షేపంగా ఉన్నాయి. ఇరుసు భుజం దగ్గర, అంటే అది లావెక్కే చోట, సన్నటి గాడి ఒకటి మెరిసింది. హమ్మయ్య అనుకుంది. ఆ హమ్మయ్యకు వేళ్లు కాస్త నొక్కుకున్నాయి.

టింగ్!

కదలొద్దు అనడానికి ఎవరూ లేరు. తనే కదలకుండా నిలబడింది. కాసేపటికి మోకాళ్ల మీదికి దిగి, ఆ పూటంతా వెతికింది. అయస్కాంతం తిప్పింది. తడిబట్ట అద్దింది. ఊడ్చిన దుమ్మును తెల్లకాగితం మీద పోసి భూతద్దంతో గాలించింది. చెప్పుల అడుగులు గీకింది. ఆయన తిరిగొచ్చి పార్సిలు వచ్చిందా అంటే ఇంకా రాలేదంది. మరో రెండు రోజులు, ఆయన భోజనానికి కదిలినప్పుడల్లా షాపు తుడుస్తానన్న వంకతో మళ్లీ మళ్లీ వెతికింది. ఆయన ఎప్పుడెప్పుడో పోగొట్టిన మరలు పదిహేడు దొరికాయి. ఇరుసు దొరకలేదు.

మూడో రోజు సాయంత్రం రెండు షాపుల అవతలికి నడిచింది.

"ఏంటొదినా, మొహం అలా పీక్కుపోయింది? అన్నయ్య ఏమైనా అన్నాడా?" అన్నాడు మరిది.

"ఏమీ అనలేదు. ఇదిగో, ఈ నంబరుకి ఇరుసుందా నీ దగ్గర?"

మరిది నంబరు చూశాడు. ఆమెను చూశాడు. మళ్లీ నంబరు చూశాడు. అన్నయ్య ఇన్నేళ్లుగా జపం చేస్తున్న నంబరు అతనికి తెలియనిదా! "ఉంది. సరిపోయే సరుకు" అన్నాడు నెమ్మదిగా. "అసలుదేమైంది?"

ఆమె చెప్పింది. అతను నవ్వబోయి, ఆమె మోకాళ్ల మీద దుమ్ము చూసి ఆగిపోయాడు.

"చెప్పెయ్ వదినా. తిడతాడు. తిడితే తిట్టనీ, ఎంతసేపు?"

"తిడితే పడతానయ్యా. నవ్వితే?" అంది వదిన.

ఇరవై ఎనిమిదేళ్లుగా మొగుణ్ణి నేల మీద పాకించి పైనుంచి వ్యాఖ్యానం చెప్పిన మనిషికి, ఒక్క రోజు కింద నుంచి పైకి చూడాల్సిరావడం ఎంత కష్టమో మరిదికి అర్థమైంది. సొరుగు లాగి ఇరుసు తీసి ఇచ్చాడు. "ఒక్కటే తేడా. అసలుదానికి భుజం దగ్గర గాడి ఉంటుంది, మనదానికి ఉండదు. కళ్లున్నవాడు చూస్తే పట్టేస్తాడు" అన్నాడు.

ఆమె ఆ ఇరుసును పాత ప్యాకెట్టులో పెట్టి, మడత మీద మడత కలిపి, పాత జిగురుకే మళ్లీ ఆవిరి పట్టి అతికించింది. ప్యాకెట్ల మోసం పట్టడంలో ఆమెను మించినవాళ్లు లేరు. కాబట్టి ఆమె చేసిన మోసాన్ని పట్టగలవాళ్లు కూడా లేరు.

మర్నాడు పార్సిలు వచ్చిందని ఆమె అనగానే ఆయన చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కొని, బల్ల మీద తెల్లబట్ట పరిచి, కళ్లు మూసుకొని కాగితం చప్పుడు విన్నాడు. భూతద్దం బిగించి చూశాడు. దీపం దగ్గరికి జరుపుకొని మళ్లీ చూశాడు.

"చూశావటే" అన్నాడు చివరికి. "ఆ నునుపు చూడు. భుజం దగ్గర ఆ గాడి చూడు. దీన్నంటారు కంపెనీ చెయ్యి అని. మావాడు తలకిందులుగా తపస్సు చేసినా ఇలాంటిది అమ్మగలడా?"

గాడి లేదు. అయినా ఆయనకు కనిపించింది. వదిన ఏమనాలో తెలియక "అబ్బో" అంది.

ఇరుసు బిగించగానే వాచీ కొట్టుకోవడం మొదలుపెట్టింది. నాలుగేళ్లుగా ఆగలేదు. ఆయన రోజూ పొద్దున్నే దానికి కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకొని, "అసలుదంటే అసలుదే" అని మురిసిపోతాడు. మొదట్లో ఆ మాట వినగానే ఆమె ఏదో పనున్నట్టు వీధిలోకి వెళ్లిపోయేది. పోనుపోను అలవాటు పడింది. ఒకోసారి వెనక్కి తిరిగి నవ్వుకునేది కూడా. ఎవరికీ నష్టం లేని అబద్ధం కదా, ఆయన పోయే దాకానో తను పోయే దాకానో ఇలాగే నడిచిపోతుందనుకుంది.

అంతలో వాచీ మెకానిక్కుల సంఘం నుంచి కబురొచ్చింది. ఈసారి వార్షిక సభలో పాత వాచీల పరీక్ష పెడుతున్నారట. వాచీల ఫ్యాక్టరీలో ముప్పై మూడేళ్లు తనిఖీ చేసి రిటైరైన పెద్దాయన ఒకాయన వచ్చి, ఒక్కో వాచీని అందరి ముందూ విప్పి, అన్నీ కంపెనీ భాగాలే అయితే 'పూర్తి ఒరిజినల్' అని రాసి సంతకం పెడతాడట. ఆ పెద్దాయన సంతకమంటే ఈ వృత్తిలో మాటలు కాదు.

ఒరిజినల్ గారు కుర్చీలో కుదురుగా కూర్చుంటే ఒట్టు. ఫారం తెప్పించి ఆ రోజే నింపాడు. ఏ భాగం ఎక్కడ దొరికింది, ప్యాకెట్టు ఎవరి ముందు విప్పారు అని అందులో గళ్లున్నాయి. ఇరుసు వరసలో ఆయన గుండ్రటి అక్షరాలతో రాశాడు. 'సీలు చెదరని ప్యాకెట్టు. సాక్షి: నా భార్య.'

వదిన అది రెండుసార్లు చదివింది.

"ఏమండీ, ఒక మాట" అంది.

"ఆ ఇరుసు గురించేనా?"

ఆమె ఉలిక్కిపడింది. "మీకెలా తెలుసు?"

"ఇంకే ఉంటుందే మనకి మాట్లాడుకోవడానికి! చెప్పు, దాని గురించి ఎంత చెప్పినా వింటాను" అని, ఆమెను చెప్పనివ్వకుండా ఆయనే అరగంట చెప్పాడు.

ఇంకో రోజు దారి మార్చి చూసింది. "ఈ పరీక్షలూ సంతకాలూ మనకెందుకండీ? మన వాచీ సంగతి మనకు తెలుసు, చాలదూ?"

ఆయన చేతిలో పని పక్కన పెట్టాడు. "నాకోసం అనుకుంటున్నావా? నాకు అక్కర్లేదు. పొద్దున లేస్తే ఆ చప్పుడు వింటున్నాను, నాకది చాలు. మూడేళ్లు వెతికి, వెతికి, ఆ ఇరుసు పట్టుకొచ్చింది నువ్వు. బిగించినందుకు నన్ను అందరూ మెచ్చుకుంటారు. వెతికినందుకు నిన్ను ఎవరు మెచ్చుకున్నారు? ఆ పెద్దాయన నోటితో నలుగురి ముందూ అనిపించాలని. అంతే."

వదిన కాలు కాలిన పిల్లిలా రెండు షాపుల అవతలికి పరుగెత్తింది.

"ఆ పెద్దాయన గాడి చూస్తాడంటావా?" అని అడిగింది మరిదిని.

"చూడకపోతే ముప్పై మూడేళ్లు ఫ్యాక్టరీలో ఏం చేశాడొదినా, నిద్రపోయాడా?" అన్నాడు మరిది. ఆమె మొహం చూసి గొంతు తగ్గించాడు. "పోనీ ఒక పని చేద్దాం. ఇంకో ఇరుసు తీసి, లేత్ మీద గాడి గీసిస్తాను. పావుగంట పని. అన్నయ్య లేనప్పుడు నేనొచ్చి మార్చేస్తాను. దేవుడు దిగొచ్చినా పట్టలేడు."

ఆమె ఒక్క క్షణం ఆశపడింది. అబద్ధం చెప్పడమెందుకు, ఒక్క క్షణం కాదు, టీ కప్పు ఖాళీ అయ్యేంతసేపు ఆశపడింది. తరవాత తల అడ్డంగా ఊపింది.

"వద్దయ్యా. అప్పుడు ప్యాకెట్టు అతికించాను, ఇప్పుడు గాడి కూడా గీయించి ఆయన పక్కన సాక్షిగా నిలబడితే, ఇక డూప్లికేట్ అయ్యేది ఇరుసు కాదు. నేను."

"మరి చెప్పేస్తావా?"

"చెప్పేస్తాను. రేపు పొద్దున్నే చెప్పేస్తాను."

పొద్దున్నే ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకొని, ఈల వేస్తూ, వాచీ పెట్టుకునే చిన్న డబ్బాను మెత్తటి బట్టతో తుడుస్తున్నాడు. ఆమె కోసం కూడా ఒక కుర్చీ ముందు వరసలో అట్టిపెట్టమని సంఘం వాళ్లకు ఫోన్ చేశాడట. వదిన నోరు తెరిచింది. "బస్సుకి టైమైంది" అనే మాట బయటికొచ్చింది.

హాలులో అరవై డెబ్భై మంది ఉన్నారు. అందరూ చేతివేళ్ల మధ్య నూనె మరకలున్నవాళ్లే, అందరూ ఒకరి పని మీద ఒకరు నిట్టూర్చేవాళ్లే. వేదిక మీద బల్ల, బల్ల మీద దీపం, దీపం కింద కెమెరా ఉన్న భూతద్దం. దాని కింద ఏది పెడితే అది వెనక గోడ మీద తెర నిండా కనిపిస్తుంది. ఆ తెర ఎంతుందో వదిన కళ్లతో కొలిచింది. మరిది మూడో వరసలో కూర్చున్నాడు. వదినకేసి చూసి, కనుబొమలెత్తి చెప్పావా అని అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అతను కళ్లు మూసుకున్నాడు.

ఫ్యాక్టరీ పెద్దాయన సన్నగా, పొడుగ్గా, మాటల్లో పొదుపరిగా ఉన్నాడు. ముందు నాలుగు వాచీలు తేల్చేశాడు. ఒకదాంట్లో ముళ్లు కంపెనీవి కావన్నాడు. ఇంకోదాంట్లో రెండు చక్రాలు తప్ప మిగతాదంతా కంపెనీది కాదన్నాడు, హాలు ఘొల్లుమంది. ఐదోది ఒరిజినల్ గారిది. పెద్దాయన ఒక్కో భాగం తీసి, చూసి, "మంచిది" అంటూ పక్కన పెట్టాడు. తొమ్మిది మంచిదిలు లెక్కపెట్టింది వదిన. పదోసారి ఆయన ఏమీ అనలేదు. ఇరుసు గోడ మీద స్తంభమంత లేచి నిలబడింది. నున్నగా, తళతళా మెరుస్తూ, ఎక్కడా గాడి అన్నది లేకుండా.

"ఇరుసు కంపెనీది కాదు" అన్నాడు పెద్దాయన.

ఒరిజినల్ గారు లేచి నిలబడ్డాడు. "అయ్యా, మీ మీద గౌరవంతోనే అంటున్నాను. మళ్లీ చూడండి."

"చూశాను. గాడి లేదు."

"ఉందండీ. నేను చూశాను. సీలు చెదరని ప్యాకెట్టులోంచి నా చేత్తో తీశాను. ఫారంలో రాశాను, సాక్షి కూడా ఉంది. అదిగో, మా ఆవిడ. ప్యాకెట్ల సంగతి ఆవిడకు తెలిసినంత ఈ హాలులో ఎవరికీ తెలీదు. అబద్ధం ఆడదు. అడగండి."

తలలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి. వదిన లేచి నిలబడింది. నాకు తెలియదు అంటే సరిపోతుంది. కళ్లకు సరిగ్గా ఆనలేదన్నా సరిపోతుంది. ఆయన ఆమెకేసి ఎంత ధీమాగా చూస్తున్నాడంటే, ఆ చూపు భరించడం కంటే నేల మీద మూడు రోజులు పాకడమే నయమనిపించింది.

"ప్యాకెట్టు అసలుదే" అంది.

"విన్నారా!" అన్నాడు ఒరిజినల్ గారు, హాలంతా కలయజూస్తూ.

"లోపలిది కాదు" అంది వదిన.

ఆ తరవాత ఆమె ఆగలేదు. ఆగితే మళ్లీ నోరు రాదని తెలుసు. ఆవిరి పట్టడం, గాడి చూడడం, హమ్మయ్య అనుకోవడం, టింగుమనడం, అన్నీ వరసగా చెప్పింది. అయస్కాంతం సంగతీ, చెప్పుల అడుగుల సంగతీ, పదిహేడు మరల సంగతీ చెప్పింది. మరిది షాపు సంగతి చెప్పింది. జిగురు అతికించిన సంగతి చెప్పేటప్పుడు మాత్రం తల వంచుకుంది. హాలులో ఎవరూ నవ్వలేదు. ఒకటో రెండో భాగాలు నేల మీద పోగొట్టుకోనివాళ్లు అక్కడ ఎవరున్నారు గనక!

మూడో వరసలోంచి మరిది లేచాడు. "నాలుగేళ్లు ఒక్కరోజు ఆగకుండా తిరిగిందండీ ఆ ఇరుసు. అది కూడా రాసుకోండి" అన్నాడు పెద్దాయనతో.

"నువ్వు కూర్చో" అన్నాడు అన్నయ్య, వెనక్కి తిరగకుండానే. అప్పుడు నవ్వింది హాలు.

ఆయన నవ్వలేదు. వేదిక ఎక్కి, జేబులోంచి సొంత భూతద్దం తీసి కంటికి బిగించి, ఇరుసు మీదికి వంగాడు. వంగినవాడు చాలాసేపు లేవలేదు. వదిన ఆయన వీపునే చూస్తూ నిలబడింది. ఇస్త్రీ మడత భుజాల దగ్గర ఇంకా నలగలేదు.

"తమరు చెప్పింది నిజమేనండీ" అన్నాడు చివరికి, భూతద్దం తీస్తూ. "గాడి లేదు. ఆ రోజూ లేదు. నేను ప్యాకెట్టు చూశాను, ఇరుసును చూళ్లేదు. నలభై ఏళ్లుగా ఇంకొకళ్ల పని చూసి నిట్టూర్చేవాణ్ణి. ఈ తప్పు మాత్రం పూర్తిగా నాదే, నూటికి నూరుపాళ్లు ఒరిజినల్."

పెద్దాయన మొదటిసారి చిన్నగా నవ్వి, కలం తీసి ఇరుసు వరస మొత్తం కొట్టెయ్యబోయాడు. ఒరిజినల్ గారు చెయ్యి అడ్డుపెట్టాడు.

"ప్యాకెట్టు మాట కొట్టెయ్యండి. సాక్షి దగ్గర మా ఆవిడను మాత్రం ఉంచండి. సాక్ష్యం సరిగ్గానే చెప్పింది."

సభ మధ్యలోనే ఇద్దరూ బయటికొచ్చారు. మరిది వెంట రాబోయి, వాళ్లిద్దరినీ వదిలెయ్యడమే మంచిదని తోచి గుమ్మం దగ్గర ఆగిపోయాడు. మధ్యాహ్నపు ఎండ ఫుట్‌పాత్ మీద పరుచుకొని ఉంది. బస్‌స్టాపు దగ్గరే ఉన్నా ఆయన ఆగలేదు, నడుచుకుంటూ పోతున్నాడు. వదిన పక్కనే నడిచింది. ఒక వీధి దాటారు. రెండో వీధి దాటారు. తిడితే బాగుండు, ఇంత నిశ్శబ్దం తనకేం అలవాటు అనుకుంది. పోనీ తనే ఏదైనా జోకు వేద్దామా అనుకుంది గానీ, ఆయన అడుగు అందుకోవడానికే సరిపోయింది.

ఒక మలుపు దగ్గర ఆయన ఆగాడు.

"ఎన్నాళ్లు వెతికావన్నావు?"

"మూడు రోజులు."

"నేను భోజనానికి వెళ్లినప్పుడా?"

"ఊఁ."

"అంటే తిండి కూడా మానేసి."

ఆమె కొంగు సర్దుకుంది.

"బల్ల కింద, ఆ గోడ వారన ఇరుకు సందులో, ఒక్కదానివే. నన్నొక్క కేక వేసుంటే ఇద్దరం వెతికేవాళ్లం కదే."

"వేస్తే జన్మంతా వెక్కిరించేవారు" అంది వదిన.

"వెక్కిరించేవాణ్ణే" అన్నాడు ఆయన. "ఎందుకు ఊరుకుంటాను? నీ పక్కనే మోకాళ్ల మీద పాకుతూ వెక్కిరించేవాణ్ణి."

హాలులో అందరి ముందూ రాని ఏడుపు వదినకు అప్పుడొచ్చింది.